పెరటి నిమ్మచెట్టుకి కత్తి ఎవరు పట్టాలి?

ఆడవాళ్ళ చేతికి కత్తి ఇవ్వడానికి మన ఇళ్ళల్లో ఎవరికీ అభ్యంతరం లేదు – ఆ కత్తి వంటింటి గడప దాటనంతవరకూ. పనసకాయ చెక్కు తీసి టకటకా పొట్టు కొట్టెయ్యవచ్చు. కందగడ్డని నాలుగు చెక్కలు చెయ్యవచ్చు. చేపని తోమి ముక్కలు కొయ్యవచ్చు. ఆవకాయ రోజుల్లో టెంకతో సహా మామిడికాయని ఒక్క దెబ్బకి రెండు చేసే వీరనారి కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు కూడాను. ఇంతా చేసి, అదే మనిషి అదే కత్తి పట్టుకుని పెరట్లోకి నడిచి నిమ్మచెట్టు దగ్గర నిలబడిందా, ఇక చూసుకోండి! అరుగు మీదనుంచి ఒక కేక, వంటింట్లోంచి ఒక కేక, గోడ అవతలనుంచి మూడో కేక.

ఆ మూడు కేకలకీ జవాబు చెప్పాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నా వాదన చిన్నదే. పెరట్లో ఉన్న ఒక్కగానొక్క నిమ్మచెట్టుకి ఏటేటా కొమ్మలు కత్తిరించాలి. కొంచెం కొంచెంగా కత్తిరించాలి. ఆ పని రోజూ ఆ చెట్టు దగ్గరికి వెళ్ళే మనిషి, అంటే ఇంటావిడ, తన చేత్తో చెయ్యాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ చెట్టు అడివైనా అవుతుంది, మోడైనా అవుతుంది.

మా వైపు సంగతి చెబుతాను. టెక్కలి దాటి ఉత్తరంగా వెళ్తుంటే పలాస, మందస, సోంపేట, కవిటి. కుడిచేతి వైపు సముద్రం దాకా వజ్రపుకొత్తూరు ఇసుకనేలలు. ఈ ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాట నోళ్ళలో నానినాని ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. పేరుకి తగ్గట్టు జీడి, కొబ్బరి, పనస, మామిడి – ఎటు చూసినా చెట్లే. ఇన్ని చెట్ల మధ్య నిమ్మచెట్టుకి ఏం పరువుంటుంది? నిమ్మ అంటే గూడూరు వాళ్ళది, తెనాలి వాళ్ళది, ఏలూరు వైపు వాళ్ళది. అక్కడ తోటలు, బస్తాలు, లారీలు, ధరవరలు. ఇక్కడ నిమ్మచెట్టు అంటే నూతి దగ్గర, బట్టలుతికే రాయి పక్కన, అంట్లు తోమిన నీళ్ళు తాగి బతికే చెట్టు.

అందుకే అది ఆడవాళ్ళ చెట్టయింది. కొబ్బరికాయల లెక్క మగవాళ్ళది. జీడిపిక్కల బేరం మగవాళ్ళది. పనసకాయలు ఏ చుట్టానికి ఎన్ని పంపాలో కూడా వాళ్ళే చెబుతారు. నిమ్మకాయల జోలికి మాత్రం ఎవరూ రారు. పులిహోరకి నాలుగు, చారులోకి ఒకటి, ఎండన పడి వచ్చినవాళ్ళకి షర్బతు, కడుపుతో ఉన్న పక్కింటి అమ్మాయికి వాసన చూడడానికి రెండు, ఏడాదికి సరిపడా ఊరగాయ – ఇదంతా ఇంటావిడ ఖాతా. 2022 ఏప్రిల్లో బజారులో ఒక్కో కాయ పది రూపాయలు పలికినప్పుడు గాని చాలా ఇళ్ళల్లో మగవాళ్ళకి పెరట్లో నిమ్మచెట్టు ఉన్న సంగతి జ్ఞాపకం రాలేదు!

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళని కుంగదీసిందో మీరు పత్రికల్లో చదివే ఉంటారు. దాని కోసమే పలాసలో ప్రత్యేకంగా ఆస్పత్రి కట్టి 2023 డిసెంబరులో తెరిచారు. ఆ జబ్బు ఉన్న ఇంట్లో ఉప్పు తగ్గించమంటారు. ఉప్పు లేని కూర మూడు పూటలూ తినమంటే ఏ మనిషి తింటాడు? అప్పుడు వంటింట్లో ఉన్నావిడ వెతుక్కునేది ఒక్క నిమ్మబద్దనే. నిమ్మకాయ మందని నేను అనడం లేదు. ఎవరు ఏది ఎంత తినాలో డాక్టరుగారే చెప్పాలి. అంత నోరు చచ్చిన అన్నంలో నాలుగు చుక్కలు పిండితే ఒక ముద్ద ఎక్కువ దిగుతుందన్నంతవరకే నా మాట. అలాంటి ఇంటి పెరట్లో చెట్టు కాపు ఉడిగిపోవడం చిన్న సంగతి కాదు.

సరే, ఇక కేకల దగ్గరికి వద్దాం.

మొదటిది అరుగు మీది కేక. "కాసే చెట్టుకి కత్తి పెడతావేమిటే!" అని. వినడానికి మంచి మాటే. మొదలంటా నరికి పొయ్యిలో పెట్టేవాళ్ళకి అడ్డం పడడానికి పెద్దలు చెప్పిన మాట అది. దాన్ని తెచ్చి ఎండుపుల్ల విరవడానికి కూడా అడ్డం పెడుతున్నాం. తలకి నూనె రాసి చిక్కు తియ్యడానికీ, గుండు చేయించడానికీ తేడా లేదూ?

ఏడెనిమిదేళ్ళు ఎవరూ చెయ్యి పెట్టని నిమ్మచెట్టు కింద ఒకసారి వంగి చూడండి. పైనంతా పచ్చగా కళకళలాడుతూ ఉంటుంది. లోపల అంతా చీకటి. బూడిదరంగు ఎండుపుల్లలు ఒకదాన్నొకటి పెనవేసుకుని, ముళ్ళు ముళ్ళలో గుచ్చుకుని, మధ్యలో ఎర్రచీమల గూళ్ళు. వెలుతురు సోకని ఆ లోపలి కొమ్మలకి ఆకూ లేదు, పూతా లేదు. కాసినవన్నీ పైన, అంచుల్లో. దోటి వేసి లాగితే నాలుగు కాయలు కింద పడతాయి, నాలుగు ఆ ముళ్ళ గుబురులో చిక్కుకుని అక్కడే కుళ్ళుతాయి. కోసే మనిషి మోచేతుల నిండా గీరలు. "కాసే చెట్టు" అని మనం మురిసిపోతున్నది ఈ చెట్టునే సుమండీ!

ఇవి కాక నీటికొమ్మలు. మీరు చూసే ఉంటారు – మొదల్లోంచో పెద్దకొమ్మ మీదనుంచో నిటారుగా, నున్నగా, బారెడు పొడుగున తన్నుకొచ్చే పచ్చటి కొమ్మలు. ఆకులు మామూలు ఆకుల కన్నా పెద్దవి, ముళ్ళు వేలెడేసి. చూడగానే మనవాళ్ళు "అబ్బ, చెట్టు ఎంత ఏపుగా ఎదుగుతోందో" అంటారు. అవి ఉద్యోగం లేని మరిదిలాంటివి. ముందు కంచం వాళ్ళదే, కాపు మాత్రం అడగకూడదు. చెట్టుకి పోసిన నీళ్ళూ ఎరువూ మొదట వాటికే అందుతాయి. లేతగా ఉన్నప్పుడు చేత్తో పట్టుకుని పక్కకి లాగితే ఊడి వచ్చేస్తాయి, కత్తి కూడా అక్కర్లేదు. చెట్టుకి ఒకవైపు కొమ్మ విరిగి బోసిగా ఉంటే మాత్రం అటువైపున్న నీటికొమ్మని ఒకదాన్ని ఉంచి, కొస తుంచితే అదే పక్కకొమ్మలు వేసి ఖాళీ పూడుస్తుంది. మరిదికి కూడా ఒకోసారి ఉద్యోగం దొరుకుతుంది మరి!

మరి అడివి చెట్లకి ఎవరు కత్తిరిస్తున్నారండీ అని ఒక పెద్దమనిషి అడిగారు. ఎవరూ కత్తిరించరు. ఆ చెట్టు కాయ కోసం ఎవరూ అన్నం కంచం ముందు పెట్టుకుని కూర్చోరు కూడా.

పోనీ చెట్టు గుబురుగా ఉంటేనేం అనుకుందామంటే, గజ్జి తెగులు ఊరుకోదు. ఆకుల మీదా కొమ్మల మీదా కాయల మీదా గోధుమరంగు పొక్కులు, వాటి చుట్టూ పసుపు వలయం. ఇది సూక్ష్మక్రిమి వల్ల వచ్చే జబ్బు. గాలివాన కొట్టినప్పుడు జల్లు వెంట ఆకునుంచి ఆకుకి పాకుతుంది. ముల్లు గీరుకున్న చోటా, లేత ఆకు లోపల పురుగు పాముచారలు గీసిన చోటా తేలిగ్గా లోపలికి దూరుతుంది. మా సముద్రపొడ్డున గాలికీ కొదవలేదు, వానకీ కొదవలేదు. గుబురుగా ఉన్న చెట్టులో తడి ఆరదు. ఇంకేం కావాలి దానికి? గజ్జి ఉన్న కొమ్మల్ని ఎండరోజుల్లో కోసి కాల్చెయ్యడం దాని వైద్యంలో మొదటి మెట్టు. మందు కొట్టడం ఆ తర్వాతి సంగతి. కొమ్మ కొయ్యకుండా మందు కొట్టడమంటే, పుండు కడగకుండా పౌడరు రాసినట్టే. కొత్తగా మొక్క నాటుకునేవాళ్ళు తిరుపతి నిమ్మ పరిశోధనా కేంద్రం వాళ్ళు తయారుచేసిన బాలాజీ రకం అడిగి తెచ్చుకోండి. గజ్జిని కాస్త తట్టుకుంటుంది. అలాగని దానికి కత్తి అక్కర్లేదని కాదు.

ఇక తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడి ఉన్నాయి. తాతల నాటి జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. దానికి ముందు 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరా, 2014లో హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గరా తీరం దాటినవి. రెండూ అక్టోబరు 12నే. ఆ నెల వచ్చిందంటే మా వైపు ఆడవాళ్ళకి దసరా సంబరం ఎంతో, ఆకాశం వైపు చూపూ అంతే.

అంత గాలికి కత్తిరించిన నిమ్మచెట్టు పడదని నేను పూచీ ఇవ్వను. కొబ్బరిచెట్టే పడింది, నిమ్మచెట్టెంత! అయితే ఏటా వచ్చేవి తిత్లీలు కావు. ఏటా వచ్చేవి వాయుగుండాలు, ఒక పూట ఈదురుగాలులు. నిమ్మవేళ్ళు లోతుకి పోవు, పైపైనే పరుచుకుంటాయి. అందులోనూ మాది ఇసుకనేల. పైన గుబురు తలకాయ, కింద తేలిక వేళ్ళు – గాలి దూరడానికి సందు లేని చెట్టు తెరచాపలా నిలబడి మొత్తం దెబ్బ తనమీద వేసుకుంటుంది. నడుమ నాలుగు కొమ్మలు తీసి సందిచ్చిన చెట్టులోంచి గాలి జొరబడి వెళ్ళిపోతుంది. వలని గాలిలో పట్టుకోవడానికీ, దుప్పటిని పట్టుకోవడానికీ తేడా మా బెస్తవాళ్ళ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. తుఫాను తర్వాత నష్టాల జాబితాలో కొబ్బరి ఉంటుంది, జీడి ఉంటుంది, వరి ఉంటుంది. పెరట్లో ఒంటి నిమ్మచెట్టు పడిపోయిందని ఏ ఆఫీసులో చెప్పుకుంటాం? దాని బాధ్యత ముందుగానే మనం చూసుకోవాలి.

రెండో కేక వంటింట్లోది. ఇది కేక కూడా కాదు, గుసగుస. "మూడు రోజులూ అయ్యాయా? అవకుండా నిమ్మచెట్టు ముట్టుకోకు, ఎండిపోతుంది."

ఈ మాట ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని తరాలుగా అంటున్నారో లెక్కలేదు. కరివేపాకు ఎండిందా, ఎవరో ముట్టుకున్నారు. ఊరగాయ బూజు పట్టిందా, ఎవరో ముట్టుకున్నారు. నిమ్మచెట్టు ఎండిందా, కోడలే ముట్టుకుంది! వేరుకుళ్ళు తెగులుకీ, మొదట్లో నీరు నిలవడానికీ, బెరడు లోపల తొలిచే పురుగుకీ ఏనాడూ నింద రాలేదు. ఎంత అదృష్టం చేసుకున్నాయో అవి! ఉద్దానంలో పొద్దున్నే తోటల్లోకి కూలికి వెళ్ళే ఆడవాళ్ళు నెలకి మూడు రోజులు సెలవు పెడుతున్నారా? వాళ్ళు ఏరిన జీడిపిక్కలూ, మోసిన కొబ్బరికాయలూ అన్ని రోజులూ వాళ్ళ చేతుల మీదుగానే కదా వస్తున్నాయి. గూడూరు తోటల్లో కాయ కోసే ఆడవాళ్ళని ఎవరైనా అడిగి మరీ లోపలికి పంపుతున్నారా? మరి వేలాది చెట్లకి తగలని మైల మన పెరటి చెట్టుకే ఎలా తగులుతుంది?

ఇంకో చిత్రం చూడండి. శుక్రవారం దీపానికి నిమ్మడిప్ప కావాలి. అమ్మవారికి నిమ్మకాయల దండ కావాలి. కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ, దుకాణం గుమ్మానికి నిమ్మకాయ, దిష్టికి నిమ్మకాయ. ఇన్ని మంగళాలకీ పనికొచ్చే కాయ కాసే చెట్టుకి నీళ్ళు పోసేది ఆడది, పేడ వేసేది ఆడది, మొదట్లో చెత్త ఏరేది ఆడది. చెయ్యి తగిలితే మాత్రం అపవిత్రం. నిజం చెప్పాలంటే ఈ మాట మనల్ని అనేది ఎక్కువగా మగవాళ్ళు కూడా కాదు. అత్తగారికి వాళ్ళ అత్తగారు చెప్పారు. ఆవిడ మనకి చెప్పింది. మనం మన కోడలికి చెప్పకుండా ఉండలేమా?

మూడో కేక గోడ అవతలిది. ఇది ప్రేమతో వేసిన కేక. "ఓలమ్మా, ముళ్ళ సెట్టు కదేటి! నువ్వెందుకూ కష్టపడడం? మా పనోడొస్తాడు, ఆడి సేత కొట్టించీ." అని ఆ పిన్ని అంటుంది. ఆవిడ మంచికే అంటుంది. కానీ ఆ పనివాడు వస్తే ఏం జరుగుతుంది? అతనికి కొబ్బరిమట్టలు కొట్టడం తెలుసు, సరుగుడు నరకడం తెలుసు. చేతిలో కత్తి కూడా దానికి తగ్గదే. పావుగంటలో చెట్టుని మెడదాకా కొట్టేసి, కొమ్మలు గోడ పక్కన పడేసి, కూలి పుచ్చుకుని వెళ్ళిపోతాడు. అతని తప్పేం లేదు, మనం "కొట్టెయ్యి" అన్నాం, అతను కొట్టేశాడు. కరెంటు తీగలకి అడ్డం వస్తోందని కొట్టేవాళ్ళు కొట్టినా ఇదే వరస.

నిమ్మకి అలాంటి కొట్టుడు పనికిరాదు. ఇది ద్రాక్ష కాదు. ద్రాక్షతీగని మొండి చేస్తే తప్ప కాయదు. నిమ్మ ఏడాది పొడుగునా ఆకుతో ఉండే చెట్టు. దాని తిండి నిలవ చాలామటుకు ఆకుల్లోనే ఉంటుంది. ఆకంతా పోగొడితే చెట్టు ఉన్న బలమంతా కొత్త ఆకు తొడుక్కోవడానికే ఖర్చుపెడుతుంది. పుట్టెడు నీటికొమ్మలు వేస్తుంది. ఒకటి రెండేళ్ళు కాపు ఊసుండదు. పైగా ఇన్నాళ్ళూ నీడన ఉన్న బెరడు మీద మా ఏప్రిల్ ఎండ పడి పగుళ్ళిస్తుంది. అప్పుడు మళ్ళీ అరుగు మీదనుంచి, "చెప్పానా, కత్తి పెట్టొద్దని" అంటారు!

ఈ మధ్య ఫోనుల్లో వీడియోలు చూసి కత్తిరించేవాళ్ళు కూడా బయల్దేరారు. ఎక్కడో అమెరికాలోనో ఇటలీలోనో ఒకావిడ చక్కటి టోపీ పెట్టుకుని పసుపుపచ్చటి పొడుగు కాయల చెట్టుని కత్తిరిస్తూ ఉంటుంది. ఆ కాయ వేరు, మన గుండ్రటి, పల్చతోలు కాగ్జీ నిమ్మ వేరు. మంచు గడ్డకట్టే కాలం పోయాక కత్తిరించమని ఆవిడ చెబుతుంది. ఆవిడ ఊళ్ళో అది సబబే. కవిటిలో మంచు ఎప్పుడు గడ్డకట్టింది చెప్మా? మనం తప్పించుకోవాల్సింది మంచుని కాదు, తడిని. వానల్లో కోసిన గాయం మీదకి గజ్జి నేరుగా దిగుతుంది.

కాబట్టి మా వైపుకి సరిపోయే ముహూర్తం తుఫానుల కాలం దాటి, పొడిగాలి తిరిగాక. పుష్యమాసం, సంక్రాంతి ముందు రోజులు. పూత ఇంకా బాగా అందుకోదు. చెట్టు కింద ఆకు తడి ఆరి ఉంటుంది. కోసిన ఎండుపుల్లలూ గజ్జి కొమ్మలూ తీసుకెళ్ళి భోగిమంటలో వేసెయ్యవచ్చు. పిల్లలు పాత కుర్చీల కోసం ఇల్లంతా వెతికే పని తప్పుతుంది. తర్వాత మృగశిర కార్తె లోపు, వానలు పడకముందు, ఇంకోసారి చూసి నీటికొమ్మలు లాగెయ్యండి, ఊగుతున్న పొడుగు కొమ్మల కొసలు కుదించండి. వానలు మొదలయ్యాక కత్తి లోపల పెట్టెయ్యడమే.

ఏం కొయ్యాలన్నది అంత బ్రహ్మవిద్యేం కాదు. ఎండినవి మొదట. గజ్జి పట్టినవి తర్వాత. ఒకదాన్నొకటి రాసుకుంటున్న రెండు కొమ్మల్లో బలహీనమైనది. నేలని తాకుతున్నవి. మొదట్లో అడుగున్నర, రెండడుగుల ఎత్తు దాకా వచ్చే పిలకలు. అంటుమొక్క అయితే అంటు కట్టిన చోటుకి కింద వచ్చిన చిగురుని వచ్చింది వచ్చినట్టే గిల్లెయ్యాలి. అది మనం కొన్న నిమ్మ కాదు, కింద వేరుగా వాడిన జంబేరిదో మరోదానిదో. దాన్ని ఎదగనిస్తే నాలుగేళ్ళకి అసలు చెట్టుని తోసేసి తనే పెరడు ఏలుతుంది. ఇవన్నీ తీశాక ఒకడుగు వెనక్కి వేసి చూడండి. మొదటి ఏడాది అక్కడితో ఆపెయ్యండి. పచ్చటి కొమ్మల్లో అయిదింట ఒక వంతు మించి ఏ ఏడూ తియ్యకూడదు. అడివిలా పెరిగిన పాత చెట్టునయినా మూడేళ్ళలో దారికి తేవాలి గాని, ఒక్క మధ్యాహ్నంలో కాదు. కూలికి పిలిచిన మనిషికి మూడేళ్ళ ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? రోజూ అక్కడే బట్టలారేసుకునే మనిషికే వస్తుంది. ఇవాళ ఒక పుల్ల, రేపు ఒక పుల్ల.

పైగా కళ్ళు కూడా ఆవిడవే కావాలి. లేత ఆకు మీద పక్షి రెట్టలా కనిపించేది రెట్ట కాదనీ, పురుగనీ, నాలుగు రోజులకి అదే పచ్చగా మారి చిటికెనవేలంతై కొమ్మ కొమ్మంతా బోడి చేస్తుందనీ రోజూ చూసేవాళ్ళకే తెలుస్తుంది. ముట్టుకుంటే తలమీద నారింజరంగు కొమ్ములు చాచి ఘాటు వాసన కొడుతుంది, భయపడకండి. పెద్ద చెట్టయితే ఒకటి రెండింటిని వదిలెయ్యండి. పసుపూ నలుపూ సీతాకోకచిలుక అయి పెరడంతా తిరుగుతుంది. అలాగే గుబురులో పిట్ట గూడుంటే పిల్లలు ఎగిరేదాకా ఆ కొమ్మ జోలికి పోవద్దు. పనివాడు కత్తి ఎత్తినప్పుడు గూడు చూడడు.

చేతగాదేమో అని సందేహించేవాళ్ళని పలాస, కాశీబుగ్గ జీడిపప్పు కార్ఖానాలకి తీసుకెళ్ళి చూపించాలి. అక్కడ వరసగా కూర్చుని పప్పు మీద పల్చటి పొర ఒలిచేది ఆడవాళ్ళే. చిన్న చాకుతో, గింజ విరక్కుండా. గుండుగా ఉంటే ఒక ధర, బద్దలయితే ఒక ధర, ముక్కలయితే ఇంకా కింద. ఒక్క గోరు బిగుసుకుంటే నష్టం. జీడినూనె తగిలి కమిలిన వేళ్ళతో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, కిలోలకి కిలోలు అలా ఒలుస్తున్నారు. ఆ చేతులు సాయంత్రం ఇంటికి వచ్చి పెరట్లో నిలబడితే మాత్రం "ఆడదానివి, నీకేం తెలుసు కొమ్మ కొయ్యడం!" అని అంటాం. లోకమంతా తినే పలాస జీడిపప్పు విరక్కుండా ఉన్నది ఎవరి చేతి చలవ?

కావలసిన సామాను కొండంత కాదు. కొమ్మలు కత్తిరించే కత్తెర ఒకటి, బొటనవేలు లావు దాటిన కొమ్మలకి చిన్న మడత రంపం ఒకటి. ఈ రెండూ కలిపి ఒక మామూలు నేత చీర ఖరీదు. మొద్దు కత్తితో కొడితే కొమ్మ నలుగుతుంది, నలిగిన గాయం మానదు. పాత చీర ముక్క మోచేతుల దాకా చుట్టుకోండి, ముళ్ళ బాధ ఉండదు. గజ్జి కొమ్మ కోసినప్పుడల్లా కత్తెరని స్పిరిటు గుడ్డతో తుడవాలి. లేకపోతే జబ్బుని మనమే కొమ్మ కొమ్మకీ పంచిపెట్టినవాళ్ళమవుతాం. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, ఆ ఉంగరం పోకుండా దానికి ఆనించి కొయ్యాలి. చారెడు మోడు వదిలితే అది ఎండి లోపలికి కుళ్ళుతుంది. ఉంగరంతో సహా చెక్కేస్తే గాయం పూడదు. బరువైన కొమ్మని ముందు కిందివైపు కొంత కోసి, తర్వాత పైనుంచి కొయ్యండి. లేకపోతే విరిగి పడుతూ మొదలి బెరడుని చీల్చుకుపోతుంది.

పెద్ద గాయాలకి బోర్డో ముద్ద రాయాలి. దీని కథ సరదాగా ఉంటుంది. ఫ్రాన్సు దేశంలో బోర్డో అనే చోట దారి పక్క ద్రాక్షతోటల వాళ్ళు దొంగల బాధ పడలేక తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారట. చూడడానికి విషంలా ఉంటుంది, ఎవరూ ముట్టుకోరని. తీరా చూస్తే దారి పక్క తీగలకే తెగులు రాలేదు. మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు అది గమనించి 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం పుట్టిన మందు మన నిమ్మచెట్టు దాకా వచ్చింది. వంద గ్రాముల మైలుతుత్తం అరలీటరు నీళ్ళలో, వంద గ్రాముల పొడిసున్నం ఇంకో అరలీటరులో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ ఒకచోట పొయ్యాలి. ప్లాస్టిక్ బకెట్టులో గాని మట్టిపాత్రలో గాని కలపాలి. ఇనుము, రాగి, ఇత్తడి పనికిరావు. వంటకి వాడేది ఏదీ వద్దు. మెరుస్తున్న ఇనుప చాకు అందులో ఓ నిమిషం ముంచి తీసి చూడండి. చాకు మీద ఎర్రటి రాగిపొర కనిపిస్తే ఇంకాస్త సున్నం పడాలన్నమాట. ఒక పాత బ్రష్షుతో గాయాలకి రాయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మిగిలింది మర్నాటికి దాచవద్దు, పనికిరాదు. కొబ్బరిచెట్టు మొదట్లో ఎర్రటి జిగురు కారుతున్న చోటేదైనా ఉంటే ఆ బెరడు గీకి అక్కడ పూసెయ్యండి. ఆ చెట్టు లెక్క మగవాళ్ళదే అయినా సరే.